నాలుక కింద మాత్ర

“రాత్రంతా గుర్రుపెట్టి నిద్రపోయావుగా, ఇంకా ఆ ఆవలింతలేమిటి అమ్మాయ్?” అన్నారు మా అత్తగారు.

నేనప్పుడు మా ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. ఒక ఆవలింత పూర్తికాకముందే ఇంకొకటి తోసుకొస్తోంది. దవడలు నొప్పి పుడుతున్నాయి. ముక్కు కారుతోంది, కళ్ళవెంట నీళ్ళు, కిటికీలోంచి ఎండ వీపు మీద పడుతున్నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. “జలుబు చేసినట్టుంది అత్తయ్యా” అన్నాను. “చొక్కా మీద తుమ్మకు” అన్నారాయన అద్దంలో చూసి తల దువ్వుకుంటూ. మా అమ్మాయిని ఇంట్లో అందరం పిడుగు అంటాం. అది పక్కగదిలోంచి “అమ్మా, నా నీలం సాక్సులూ!” అని కేకేసింది. ఆ సాక్సులు దాని మోకాళ్ళకి తగిలే సొరుగులోనే ఉన్నాయి. మా ఇంట్లో వస్తువులన్నీ నా నోట్లో ఉంటాయి. నేను చెబితే తప్ప బయటికి రావు.

అది జలుబు కాదని నాకు తెలుసు. నేనొక కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను. ఫ్రేములు చూపించడం, కొలతలు తీయడం, వదులైన కాడలు బిగించడం. పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళదాకా నిలబడే ఉండాలి. “కస్టమరు నిలబడి ఉంటే నువ్వు కూచుంటే ఏం బాగుంటుందమ్మా?” అంటారు మా ఓనరు. కస్టమర్లకి కుర్చీలు వేసే ఉంటాయి, వాళ్ళు కూచునే ఉంటారు. ఆ సంగతి ఆయన ఇంతవరకూ గమనించలేదు. అసలే అరిగిపోయిన నడుం, ఒకరోజు ఉతికిన బట్టల బుట్టతో మేడమెట్ల మీద జారిపడ్డాక పూర్తిగా మొరాయించింది. అప్పుడు ఒక డాక్టరు గట్టి నొప్పి మాత్రలు కొన్నాళ్ళు వేసుకోమన్నాడు. మొదటి మాత్రకే నొప్పి పోయింది. నొప్పితో పాటు అలసట కూడా పోయింది. అదీ అసలు విశేషం. ఆ సాయంత్రం వంట చేసి, కిటికీలన్నీ తుడిచి, పిడుగు చేత లెక్కలు చేయించి, అత్తగారి కాళ్ళు పట్టి, ఇంకేమైనా పని ఉందా అని ఇంట్లో నాలుగు మూలలూ వెతికాను. మా అత్తగారు పొరుగావిడతో “మా కోడలు పని రాక్షసి అనుకో” అంటుంటే వంటింట్లోంచి విన్నాను. ఆయన స్నేహితుల ముందు “మా ఆవిడకి అలసట అంటే ఏమిటో తెలీదు” అన్నారు. పెళ్ళయ్యాక నన్నెవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకోలు నిలబెట్టుకోవాలంటే మాత్ర కావాలి. ఒకటి సరిపోని రోజున రెండు కావాలి. తరవాత సంగతి చెప్పేదేముంది. మాత్ర వేసుకుంటే పని చేయగలిగే దశ దాటిపోయి, మాత్ర లేకపోతే మంచం దిగలేని దశ వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలీదు. నడుం నొప్పి మాత్ర మింగే ఆడదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఇన్నాళ్ళూ అడగ్గానే తీసిచ్చిన మందులషాపు పెద్దాయన కొట్టు కూతురికి అప్పగించాడు. ఆ అమ్మాయి నా మొహం చూసి, “ఆంటీ, చీటీ లేకుండా ఇవి ఇవ్వకూడదండీ” అంది. ఆ రోజు ఆ పిల్లని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. ఇప్పుడు కనిపిస్తే ఆపి మరీ పలకరిస్తున్నాను.

అలా మాత్రలు లేకుండా ఆవలిస్తూ, ముక్కు ఎగబీలుస్తూ దుకాణానికి వెళ్ళాను. కాసేపటికి ఒక పొట్టి, బొద్దు ఆవిడ వచ్చి, కాడ ఊడిపోయి దారంతో కట్టిన కళ్ళజోడు నా ముందు పెట్టింది. “దీన్ని బతికించగలవా?” అంది. ఆవగింజంత స్క్రూ బిగించాలి. ఎన్నో ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసే పని. చెయ్యి వణికి స్క్రూ జారిపోయింది. వెతికి తీశాను, మళ్ళీ జారిపోయింది. మూడోసారి ఆవిడే కౌంటరు మీదికి వంగి దాన్ని వేలికి అంటించుకుని పైకి తీసింది. అంత దగ్గరగా వచ్చినప్పుడు నా మొహంలోకి చూసింది.

“ఏం మాత్ర ఆపేశావమ్మా?” అంది మెల్లగా.

“మాత్రలేమిటండీ, జలుబు.”

“జలుబుకి ముక్కు కారుతుంది. కనుపాపలు ఇంత పెద్దవవ్వవు. పక్కనే అద్దం ఉంది, చూసుకో.”

చూసుకున్నాను. అన్ని దీపాల వెలుగులో కనుపాప ముడుచుకుని చుక్కంత ఉండాలి. నా కళ్ళలో నలుపు తప్ప ఇంకేం లేదు. రోజూ పదిమందికి అద్దం పట్టే నేను అందులో నన్ను చూసుకుని ఎన్నాళ్ళయిందో.

“నేను అలవాట్లు మాన్పించే డాక్టర్ని. సైకిల్ షాపు మేడ మీద నా క్లినిక్. ఇవాళే రా. మాత్ర మానిన బాధ మొదలయ్యాకే నేనిచ్చే మందు మొదలుపెట్టాలి. నీకు బ్రహ్మాండంగా మొదలైంది” అని, శుభవార్త చెప్పినట్టు నవ్వి, డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

జలుబుకి సెలవేమిటన్నారు మా ఓనరు. “కస్టమరు మొహం మీద తుమ్మమంటారా?” అన్నాను. వెంటనే వెళ్ళమన్నారు.

క్లినిక్ ముందుగదిలో బెంచీల నిండా మగవాళ్ళు. ప్రతి మగవాడి పక్కనా ఒక ఆడమనిషి, భార్యో తల్లో అక్కో. సంచులూ, మంచినీళ్ళ సీసాలూ, కాగితాలూ అన్నీ ఆడవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. మగవాళ్ళ చేతులు ఖాళీ. కౌంటర్లో మీసాలాయన తలెత్తకుండానే, “పేషెంటు మీకేమవుతారు?” అన్నాడు.

“నాకు నేనే అవుతాను” అన్నాను.

ఆయన అప్పుడు తలెత్తాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. నేను వెళ్ళి ఆకుపచ్చ గొడుగు పట్టుకున్న ఒకావిడ పక్కన కూచున్నాను. “మీ ఆయనా? తమ్ముడా? లోపలికి వెళ్ళాడా?” అందావిడ ఆప్యాయంగా. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. “ఎవరూ లేరండీ. నాకే” అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, గుండెల మీద చెయ్యి వేసుకుని, “అయ్యో! ఇంటిపనీ బయటిపనీ చేసుకుంటూ మీకు దీనిక్కూడా టైమెక్కడ దొరికిందండీ?” అంది.

నాకు నవ్వాగలేదు. ముక్కు కారుతోంది, కాళ్ళు లాగుతున్నాయి, అయినా నవ్వుతున్నాను. ఆవిడ తన చేతిరుమాలు తీసిచ్చింది. ఆవిడ పక్కనున్న భర్త “మా ఆవిడ నోరంతేనండీ, ఏమీ అనుకోకండి” అన్నాడు. ఆ పూట ఆ గదిలో నన్ను చిన్నచూపు చూసినవాళ్ళు ఎవరూ లేరు.

లోపల డాక్టరమ్మ నాడి చూసి, కళ్ళు చూసి, ఒక చిన్న మాత్ర ఇచ్చింది. “మింగకు. నాలుక కింద పెట్టుకో. పూర్తిగా కరిగేదాకా మాట్లాడకు.” చేదు. నోరు మూసుకుని గోడ మీద క్యాలెండరు చూస్తూ కూచున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు, నేను జవాబు చెప్పాల్సిన పని లేదు. కాసేపటికి రోమాలు దిగాయి. కాళ్ళలో లాగుడు సద్దుమణిగింది. పాత మాత్రలా ఎగిరి పని చేయాలనిపించే హుషారేమీ రాలేదు. వాన వెలిశాక ఉన్నట్టుంది, అంతే.

“పాత మాత్ర మెదడులో ఎక్కడ కూచునేదో ఇది సరిగ్గా అక్కడే కూచుంటుంది. కుర్చీ ఖాళీ లేదు కాబట్టి పాతది వచ్చినా నిలబడి నిలబడి వెళ్ళిపోవాలి” అంది డాక్టరమ్మ.

“నిలబడే బాధ నాకు బాగా తెలుసండీ” అన్నాను నోరు ఖాళీ అవగానే. “మరి ఇదీ ఒక అలవాటేగా?”

“రోజూ షుగరు మాత్ర వేసుకునేవాళ్ళని అలవాటు పడ్డారంటామా? ఇది నిన్ను నిలబెట్టే మందు. ఎన్నాళ్ళు వేసుకోవాలో నువ్వూ నేనూ కలిసి చూసుకుందాం, తొందరేం లేదు. నీ అంతట నువ్వు హఠాత్తుగా మానెయ్యకు. ఎప్పుడైనా మనసు లాగి పాత మాత్రలు పాత లెక్కన మింగావో, ఒంటికి అలవాటు తప్పి ఉంటుంది, ఊపిరి ఆగిపోతుంది. అందుకని ఇది ఇంట్లో పెట్టుకో.” బల్ల మీద తెల్లటి చిన్న స్ప్రే పెట్టింది. ముక్కులో కొడితే ఆగిపోతున్న ఊపిరి వెనక్కి వస్తుందట. ఒక్కో స్ప్రే ఒక్కసారికే పనికొస్తుందట.

“నా బ్యాగులోనే పెట్టుకుంటాను. ఎవరికీ చెప్పక్కర్లేదు.”

“బాగానే ఉంది. స్పృహ తప్పి పడిపోయాక నీ ముక్కులో నువ్వే కొట్టుకుంటావా?”

స్ప్రే బ్యాగులో వేసుకుని లేచాను. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా అదే ఆలోచన. జ్వరం వస్తే నేనే థర్మామీటరు పెట్టుకుని, నేనే చదువుకుని, నేనే మాత్ర వేసుకుని, లేచి వంట చేసేదాన్ని. నా ఒంటి పనులు కూడా ఇంటిపనుల్లో కలిపేసి నేనే చేసుకున్నాను. ఇప్పుడు మొదటిసారి, నేను చేసుకోలేని పని ఒకటొచ్చింది. మా ఆయనకి చెంచాలు ఎక్కడుంటాయో తెలీదు. స్ప్రే ఎక్కడుందో వెతికేలోపు నా పని అయిపోతుంది. అత్తగారికి చెబితే ఏమవుతుందో ఊహించలేను. ఊహించలేకపోవడానికి కారణం ఉంది. మా మరిది తాగుడు మానినప్పుడు కొన్ని వారాలు మా ఇంట్లోనే ఉన్నాడు. చేతులు వణుకుతుంటే, చెమటలు పడుతుంటే, ఆస్పత్రి మందులు వేళకి అందించింది నేనే. పళ్ళరసం తీసింది, దుప్పట్లు మార్చింది నేనే. “జబ్బు మనిషి, పాపం. గిన్నెల చప్పుడు చెయ్యకమ్మాయ్” అనేవారు మా అత్తగారు. ఇప్పుడు నా విషయంలో కూడా ‘జబ్బు’ అన్న మాటే వాడతారా? మగవాడికి జబ్బయినది ఆడదానికి వచ్చేసరికి బుద్ధి అయిపోతుందా?

ఆదివారం టీలయ్యాక ముగ్గురినీ కూచోబెట్టాను. “నేను నొప్పి మాత్రలకి అలవాటు పడ్డాను. ఇప్పుడు దానికి వైద్యం చేయించుకుంటున్నాను.” మనసులో ఎన్నోసార్లు ఇస్త్రీ చేసి మడతపెట్టుకున్న మాటలు. ముక్కు మందు సంగతి కూడా చెప్పాను.

ఆయన పేపరు కిందికి దించారు. “అలవాటు పడ్డమేమిటి? నువ్వా? మనింట్లో అలాంటివి...” తమ్ముడు గుర్తొచ్చి ఆగారు. “వాడి సంగతి వేరు. మగాడు, స్నేహాలు మంచివి కావు. నిన్నెవరు చెడగొట్టారు?”

“నన్నెవరూ చెడగొట్టలేదండీ. అందరూ మెచ్చుకున్నారు.”

పిడుగు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మా అత్తగారి వైపు చూశాను. ఏడుస్తారేమో, తిడతారేమో అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, “ఆ ముక్కు మందేది? ఇటు తే. ఎలా కొట్టాలో నాకు చూపించు” అన్నారు. ఆవిడ క్షమాపణ అడిగే మనిషి కాదు. నేనూ అడగమనలేదు. ఆ మాట చాలింది.

నేర్చుకోవాలంటే ఒకరు పడిపోవాలి. “నాన్నా, నువ్వు స్పృహ తప్పావు. పడుకో” అంది స్ప్రేతో వచ్చిన కాగితం అప్పటికే చదివేసిన పిడుగు. ఆయన చచ్చినట్టు చాప మీద వెల్లకిలా పడుకున్నారు. పిడుగు భుజం కుదిపింది, గుండెల మీద పిడికిలితో రుద్దింది. “ఏయ్, నొప్పి!” అన్నారాయన. “స్పృహ తప్పినవాళ్ళు మాట్లాడకూడదు” అని కసిరింది. అంబులెన్సుకి ఫోను చేసినట్టు నటించి, తల వెనక్కి వాల్చి, స్ప్రే మొన ముక్కులో పెట్టింది.

“నొక్కకు! ఉన్నది అదొక్కటే!” అని నేను అరిచాను.

“కుడి ముక్కా, ఎడమ ముక్కా?” అన్నారు అత్తగారు.

“ఏదైనా ఒకటే నానమ్మా. లేవకపోతే కాసేపాగి రెండోదాంట్లో ఇంకో స్ప్రే. తరవాత పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వదిలి వెళ్ళకూడదు.”

“ఇంకో స్ప్రేనా? అయితే ఇంకోటి తెచ్చి పెట్టుకోవద్దూ?” అన్నారావిడ. నాకు తట్టని సంగతి. ఇంతలో కిందనుంచి ఆయన, “ఈ బల్ల కింద ఎంత దుమ్ముందో చూశారా?” అన్నారు.

“కిందే ఉన్నావుగా నాయనా, తుడిచి లే” అన్నారు మా అత్తగారు.

పిడుగు నవ్వి నవ్వి చాప మీద దొర్లింది. ఆయన నిజంగానే తుడిచారు. తరవాత నేను పడుకుంటే ఆయన వంతు వచ్చింది. నా మెడకింద చెయ్యి పెట్టి తల మెల్లగా వాల్చారు. “నిజంగా ఊపిరి ఆగుతుందా?” అన్నారు నాకొక్కదానికే వినపడేలా. “పాతవి మళ్ళీ మింగితే.” “మింగుతావా?” “మింగకూడదనేగా ఈ గొడవంతా” అన్నాను. ఆయన స్ప్రే తీసుకెళ్ళి వీధి తలుపు పక్కన, తాళాలు తగిలించే చోట, సంచీలో వేసి వేలాడదీశారు. తరవాత రెండోదీ తెచ్చి దాంట్లోనే వేశారు. ఆ ఇంట్లో ఆయన చేతులతో ఒక వస్తువుకి చోటు పెట్టడం అదే మొదటిసారి.

పొద్దుటిపూట మా ఇల్లు మారిపోయింది. మాత్ర నాలుక కింద ఉన్నంతసేపూ నేను మాట్లాడకూడదు. సరిగ్గా ఆ వేళకే ఇంట్లో ప్రశ్నలన్నీ పుడతాయి. “నా తువ్వాలేది?” అంటే నోరు చూపించేదాన్ని. “పాలవాడు వచ్చాడా?” అంటే నోరు చూపించేదాన్ని. మొదట్లో ముగ్గురూ నా ముందు నిలబడి మాత్ర కరగడం కోసం ఎదురుచూసేవాళ్ళు, బస్సు కోసం నిలబడ్డట్టు. తరవాత్తరవాత విసుగుపుట్టి సొరుగులు తెరవడం మొదలుపెట్టారు. నేను నోరు మూసుకుంటే ఇల్లు కూలిపోతుందని నేనూ నమ్మేదాన్ని. కూలలేదు. కాస్త వంకరగా నిలబడింది, అంతే. కూరలో ఉప్పు ఎక్కువవుతోంది, మా ఆయన చొక్కా మీద ఇస్త్రీ గీతలు రెండేసి పడుతున్నాయి. నాకు అలసట తిరిగొచ్చింది. నిజం అలసట. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుంటే, ఒళ్ళంతా ఇది నాదే అన్నట్టు బరువుగా ఉంటోంది. నడుముకి క్లినిక్‌లో వ్యాయామాలు నేర్పుతున్నారు. దుకాణంలో మా ఓనరుని అడగడం మానేసి, కస్టమరు పక్క కుర్చీలో కూచుని మొహానికి మొహం ఎదురుగా పెట్టి కొలతలు తీస్తున్నాను. కొలత బాగా కుదురుతోంది. ఆయన రెండుసార్లు దగ్గి ఊరుకున్నారు.

ఇన్నాళ్ళకి ఇంత గట్టిపడ్డాననుకున్నాక, ఒక మధ్యాహ్నం ఒకాయన కళ్ళజోడు తీసుకుని, మందుల కవరు కౌంటరు మీద మరిచిపోయి వెళ్ళిపోయాడు. పక్కకి జరుపుదామని తీశాను. లోపల అవే మాత్రలు. అదే అట్ట, అదే రంగు. దుకాణంలో ఎవరూ లేరు. మా ఓనరు లోపల ఫోనులో ఉన్నారు. నా వేళ్ళకి ఆ అట్ట ఎలా నొక్కాలో ఇంకా గుర్తుంది. నోట్లో నీళ్ళూరాయి. ఒక్కటి, ఇవాళొక్క పూటకి, వంటంతా చకచకా అయిపోతుంది, రేపు వచ్చే చుట్టాలు మెచ్చుకుంటారు... నా తలలోంచి మాట్లాడుతున్న ఆ గొంతు ఎంత బతిమాలుతోందో! నేను కవరు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాను. “సార్! మీ మందులు! సార్!” చెప్పులు కూడా వేసుకోలేదు. మలుపు దగ్గర ఆయన్ని పట్టుకుని కవరు చేతిలో పెట్టి, తిరిగొచ్చి దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. ముందు డాక్టరమ్మకి ఫోను చేశాను. “పరిగెత్తావా? శభాష్! సాయంత్రం వచ్చి కనపడు, మందు కాస్త సరిచేయాలేమో చూద్దాం” అంది. తరవాత మా ఆయనకి చేశాను. ఏం చెప్పానో నాకే తెలీదు. “అక్కడే ఉండు, వస్తున్నా” అన్నారు.

వచ్చారు. పని మధ్యలో వదిలేసి నాకోసం రావడం, చెప్పుకోవాలంటే అదో వింత. ఇద్దరం క్లినిక్‌కి వెళ్ళి, మందు కొద్దిగా పెంచి రాయించుకుని, నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. చల్లగా ఉంది. దార్లో కూరగాయలు కొన్నాం. ఆయన బేరం చేయడం చేతకాక చెప్పిన ధరకే కొనేశారు. నేనేమీ అనలేదు. ఆయన నా వైపు చూసి, ఓదార్చాలని, నిజంగా ప్రేమగానే అన్నారు:

“దిగులు పడకు. కొన్నాళ్ళు పోతే మళ్ళీ మునుపటి మనిషివైపోతావు.”

నాకు దిగులేమీ లేదు. పైగా నవ్వొచ్చింది. ఆ మునుపటి మనిషిని తలుచుకున్నాను. కిటికీలు తుడిచిన మనిషి, అడక్కుండానే అన్నీ అందించిన మనిషి, ఎప్పుడూ కూచోని మనిషి. పాపం, ఈయన ఆవిడ కోసం ఎదురుచూస్తున్నారు. చేతిలో కూరల సంచీ బరువుగా ఉంది. దాన్ని ఆయనకి అందించాను.

“ఆవిడ ఇక రాదండీ. ఆవిడ ఉత్త మాత్ర. నేను ఇప్పుడే వచ్చాను” అన్నాను.